కట్టిన చెరువులు, కట్టని కొల్లేరు: మన నీళ్లు ఎక్కడ పుట్టాయి?

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి వరంగల్ మీదో అనంతపురం మీదో పెట్టి, వేళ్లతో పెద్దది చేసి చూడండి. చిన్నా పెద్దా నీటి మచ్చలు లెక్కలేనన్ని కనిపిస్తాయి. ఇంకాస్త దగ్గరికి వెళ్తే ఒక సంగతి బయటపడుతుంది. దాదాపు ప్రతి మచ్చకూ ఒక వైపు అంచు గీత గీసినట్టు నున్నగా, విల్లులా కొద్దిగా వంగి ఉంటుంది. రెండో వైపు అంచుకు ఆకారమే ఉండదు. చేతివేళ్లు చాపినట్టు చీలికలు చీలికలుగా పల్లాల్లోకి చొచ్చుకుపోయి ఉంటుంది. ఆ గీత చెరువు కట్ట. ఆ వేళ్లు వాగులూ వంకలూ.

ఇప్పుడు మ్యాప్‌ను తూర్పుకు జరిపి ఏలూరు దక్షిణానికి రండి. అక్కడ కొల్లేరు ఉంది. ఒకప్పటి కొల్లేరుకు ఇలాంటి గీత ఏ వైపూ లేదు. ఎవరూ కట్టలేదు కాబట్టి.

పోటీ పరీక్షల కోసం 'మంచినీటి సరస్సు కొల్లేరు, ఉప్పునీటి సరస్సు పులికాట్' అని బట్టీ పట్టి వదిలేసిన వాళ్లలో నేనూ ఒకడిని. ఆ రెండింటికీ, మా ఊరి చెరువుకూ, గండిపేటకూ పుట్టుకలోనే తేడా ఉందని చాలా ఆలస్యంగా అర్థమైంది. పుట్టుక తెలిస్తే ఆ నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో తెలుస్తుంది. ఎందుకు నిలుస్తున్నాయో తెలిస్తే ఎప్పుడు పోతాయో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. మన భాషలో పేరును బట్టి పుట్టుక చెప్పలేం. హుస్సేన్ సాగర్ పేరులో సాగరం ఉంది, నిజానికది చెరువు. కేసముద్రం, బుక్కరాయసముద్రం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లు. పెద్ద చెరువు కట్టించిన వాళ్లు దానికి గొప్పగా 'సముద్రం' అని పేరు పెట్టేవారు, ఆ పేరు ఊరికీ అంటుకునేది. ఇక 'సరస్సు' అనే మాటను పుస్తకాల్లోనే తప్ప ఊళ్లో ఎవరూ వాడరు. కాబట్టి పేరు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడగాలి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? వాటిని ఆపుతున్నది ఏది? ఎక్కువైతే ఎటు పోతున్నాయి? ఏ నీటి మడుగు గుట్టు అయినా ఈ మూడింటితో విప్పొచ్చు.

మన పీఠభూమి మీద సహజమైన సరస్సులు ఎందుకు లేవు?

ప్రపంచంలో సహజ సరస్సులు ఎక్కువగా ఉన్న చోట్లు చూస్తే వాటి వెనక ఒక పెద్ద సంఘటన ఉంటుంది. హిమానీనదాలు నేలను గోకి గుంతలు చేసి కరిగిపోయిన చోట్ల సరస్సులు ఏర్పడ్డాయి. భూమి పొరలు చీలి కుంగిన చోట్ల ఏర్పడ్డాయి. చల్లారిన అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిలిచిన చోట్లు ఉన్నాయి. పక్కనున్న మహారాష్ట్రలో లోనార్ సరస్సయితే ఆకాశం నుంచి పడిన ఉల్క చేసిన గుంత.

తెలంగాణ, రాయలసీమ నేలకు కోట్ల ఏళ్లుగా ఇవేవీ జరగలేదు. ఇక్కడి గ్రానైట్ పుట్టి సుమారు 250 కోట్ల ఏళ్లయింది. ఇంత పాత నేల మీద వానకూ వాగుకూ కావలసినంత టైమ్ దొరికింది. ఎక్కడైనా గుంత ఉంటే అది ఒండ్రుతో పూడిపోయింది, లేదా వాగు దాని గట్టు కోసుకుని నీటిని దించేసింది. సరస్సు అనేది భూమి వయసులో కొద్దికాలం ఉండిపోయేది. పాత నేల మీద అది మిగలదు. అందుకే ఇక్కడ పడిన ప్రతి చినుకుకూ దారి తెలుసు. వంకలోకి, వాగులోకి, ఏట్లోకి, చివరికి కృష్ణలోకో గోదావరిలోకో పెన్నలోకో పోతుంది.

సహజంగా నీళ్లు నిలిచే చోట్లు బొత్తిగా లేవని కాదు. గుట్టల మీద రాతి గుంతల్లో వాన నీరు నిలుస్తుంది, వాటిని దొనలు అంటాం. కొండ మీద కోటలు కట్టినవాళ్లు, గుడులు కట్టినవాళ్లు ముందు దొన ఎక్కడుందో చూసుకునేవారు. వాగుల్లో లోతైన చోట ఎండాకాలం కూడా ఎండని మడుగులు ఉంటాయి. జలపాతం కింద గుండాలు ఉంటాయి. కానీ ఒక ఊరిని బతికించేంత నీళ్లు వీటిలో నిలవవు.

మన వానలు నాలుగు నెలలు, అందులోనూ గట్టిగా కురిసేది కొన్ని రోజులే. ఆ కొన్ని రోజుల నీళ్లు పారిపోతే మిగతా ఏడాదంతా బండరాళ్ల మధ్య బతకాలి. గ్రానైట్ నేల నీటిని లోపలికి అంత తేలికగా పీల్చుకోదు. పైనున్న పలుచటి మట్టి, చీలిన రాయి పొర, అంతే దాని నిల్వ. ప్రకృతి సరస్సులు ఇవ్వని చోట మనిషి చెరువులు కట్టక తప్పలేదు. ఆ కథకు వచ్చే ముందు, ప్రకృతి ఇచ్చిన రెండింటి సంగతి చూద్దాం.

సముద్రం వదిలి వెళ్లిన నీళ్లు

కొల్లేరు, పులికాట్ రెండూ సముద్రం బిడ్డలే. ఒకటి తల్లిని వదిలి దూరంగా వచ్చేసింది, ఇంకొకటి ఇప్పటికీ కొంగు పట్టుకునే ఉంది.

చివరి మంచుయుగం ముగిశాక ప్రపంచమంతా సముద్రమట్టం పెరుగుతూ వచ్చింది. సుమారు 6000 ఏళ్ల క్రితం అది దాదాపు ఇప్పటి ఎత్తుకు చేరింది. అప్పుడు మన తీరం ఇప్పుడున్న చోట లేదు. బంగాళాఖాతం కొల్లేరు దాకా వచ్చి ఉండేది. కొల్లేరుకు దక్షిణాన, తీరానికి సమాంతరంగా సాగే పాత ఇసుక దిబ్బల వరుసలే దానికి సాక్ష్యం. అవి ఒకప్పటి బీచ్‌లు.

తర్వాత రెండు నదులు పని మొదలుపెట్టాయి. ఒక పక్క గోదావరి, ఇంకో పక్క కృష్ణ. రెండూ ఎగువ నుంచి ఒండ్రు మోసుకొచ్చి సముద్రంలో పోస్తూ, తమ తమ డెల్టాలను ముందుకు తోసుకుంటూ పోయాయి. నది తన ఒండ్రును దగ్గర్లో ఎక్కువగా, దూరంగా తక్కువగా పరుస్తుంది. అందువల్ల రెండు డెల్టాల మధ్య ఉన్న భాగం ఎవరి వంతుకూ రాని నేలలా పల్లంగా మిగిలిపోయింది. ముందు వైపు అలలు ఇసుకను గట్టుగా పేర్చాయి. సముద్రం నుంచి తెగిపోయిన ఆ పల్లం మొదట ఉప్పునీటి కాయల్, అంటే ఇసుక గట్టు వెనక చిక్కుకున్న సముద్రపు నీటి మడుగు. ఏళ్లు గడిచేకొద్దీ బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు లాంటి ఏర్లు తెచ్చి పోసిన నీళ్లతో మంచినీటిదైంది. డెల్టాలు ఇంకా ముందుకు పెరగడంతో సముద్రం దూరమైంది. కొల్లేరును సముద్రంతో కలిపే దారి ఇప్పుడు ఉప్పుటేరు ఒక్కటే. సుమారు 60 కిలోమీటర్లు వంకరటింకరగా తిరిగి కడలిని చేరుతుంది. ఆ పేరులోనే దాని పుట్టుక ఉంది చూడండి. ఆటుపోట్లకు ఉప్పునీరు ఎదురెక్కి వచ్చే ఏరు కాబట్టి ఉప్పుటేరు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే కొల్లేరు గురించి జరిగే గొడవలన్నీ అర్థం కావాలంటే ఒక లెక్క తెలియాలి. కొల్లేరు దగ్గరి జనం రోజూ వాడే మాట 'కాంటూరు'. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తులో గీసిన గీత. పదో కాంటూరు అంటే 10 అడుగుల గీత. నీళ్లు 5 అడుగుల గీత దాకా ఉన్నప్పుడు కొల్లేరు సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల దాకా ఎక్కితే 901 చదరపు కిలోమీటర్లు. మధ్యలో తేడా ఐదడుగులు, మనిషి గొంతు లోతు. ఆ కొద్దిపాటి నీటికి సరస్సు దాదాపు మూడింతలవుతుంది.

అంటే కొల్లేరు ఒక గిన్నె లాంటిది కాదు, పళ్లెం లాంటిది. దానికి స్థిరమైన అంచు లేదు. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. ఆ ఉబ్బడం, కుంచించుకోవడమే దాని ప్రాణం. వరద నీటిని కొన్నాళ్లు తనలో పరుచుకుని, ఉప్పుటేరు మోయగలిగినంత మేరకు నెమ్మదిగా వదులుతుంది. రెండు డెల్టాల మధ్య ఉన్న ఊళ్లకు అదే రక్ష. కానీ ఎండాకాలంలో నీళ్లు వెనక్కి తగ్గి బయటపడిన నేలను చూసినవాడికి అది ఖాళీ భూమిలాగే కనిపిస్తుంది. ఏడాదిలో సగం రోజులు నీళ్ల కింద ఉండే నేలను ఎవరిదనాలి? కొల్లేటి కష్టాలన్నీ ఈ ప్రశ్న దగ్గరే మొదలయ్యాయి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కొల్లేరు సహజమైనదే అయినా దానిలోకి వచ్చే నీళ్లన్నీ ఇప్పుడు సహజంగా వచ్చేవి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక రెండు డెల్టాల్లో కాలువలు వచ్చాయి. పొలాల్లో వాడగా మిగిలిన మురుగునీరు డ్రెయిన్ల ద్వారా కొల్లేటికి చేరడం మొదలైంది. పళ్లేన్ని ప్రకృతి చేసింది, అందులో పోసే నీళ్లలో మనిషి వాటా పెరిగింది.

పులికాట్ కథ దీనికి ముందు అధ్యాయం లాంటిది. కొల్లేరు వేల ఏళ్ల క్రితం ఎలా ఉండేదో చూడాలంటే సూళ్లూరుపేట వెళ్లి పులికాట్ చూడాలి. అలలు తీరం వెంట ఇసుకను తోసుకుంటూ వచ్చి పొడవాటి గట్టు పేర్చాయి. ఆ గట్టుకు ఇవతల చిక్కుకున్న నీరే పులికాట్. మన పాత పేరు ప్రళయ కావేరి. మన దేశంలో చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి కాయల్ ఇదే. ఇంతకీ ఆ ఇసుక గట్టు ఏమిటనుకున్నారు? శ్రీహరికోట. ఉపగ్రహాలను మోసే మన రాకెట్లు ఎగిరేది ఒక సరస్సుకు ప్రకృతి కట్టిన కట్ట మీద నుంచి. ఈ సంగతి మొదటిసారి గ్రహించినప్పుడు ఒళ్లు జలదరించింది నాకు.

పులికాట్‌లోకి స్వర్ణముఖి, కాళంగి, అరణి లాంటి ఏర్లు మంచినీరు తెస్తాయి. ముఖద్వారాల గుండా సముద్రం ఉప్పునీరు పంపుతుంది. రెండూ కలిసిన నీటి రుచి నెలనెలకూ మారుతుంది. రొయ్యలు, పీతలు, చేపల పిల్లలు ఆ మార్పు మీదే ఆధారపడి బతుకుతాయి. ఇసుక మేట వేసి ముఖద్వారం పూడిందంటే ఆ ఏడు జాలర్ల వల ఖాళీ. ఒక రకంగా ఇది కొల్లేరు దారిలోనే నడుస్తోంది. వదిలేస్తే ఏదో ఒక రోజు సముద్రంతో తెగిపోతుంది. అది వేల ఏళ్ల లెక్క, జాలరిది మాత్రం ఈ సీజన్ లెక్క.

దగ్గర్లోనే నేలపట్టు ఉంది. గూడబాతులు వచ్చి కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని చేసే చోటు. అది ఊరి చెరువు, మనుషులు కట్టినది. పిల్లలకు చేపలు తేవడానికి మాత్రం అవి పులికాట్‌కూ చుట్టుపక్కల చెరువులకూ ఎగిరి వెళ్తాయి. కట్టిన నీళ్లలో కాపురం, కట్టని నీళ్లలో వేట. పుట్టుక ఏదైనా పక్షికి రెండూ కావాలి.

చెరువు కట్టడమంటే చోటు వెతకడం

ఇప్పుడు మళ్లీ పీఠభూమికి వద్దాం. చెరువు అంటే గొయ్యి తవ్వడం అనుకుంటారు చాలామంది. తవ్వింది కుంట కావచ్చు, కోనేరు కావచ్చు. చెరువును మాత్రం కడతారు. మన భాషలోనే ఉంది, 'చెరువు కట్టించాడు' అంటాం. వాన నీరు దిగివచ్చే పల్లానికి అడ్డంగా ఒక్క వైపు కట్ట వేస్తే మిగతా మూడు వైపులా నేలే గోడ అవుతుంది. తక్కువ మట్టితో ఎక్కువ నీరు ఆపగలిగే చోటును కనిపెట్టడమే అసలు విద్య. మొదట చెప్పిన శాటిలైట్ మచ్చల ఆకారం వెనక ఉన్నది ఈ విద్యే.

ఆ విద్య ఎంత పక్కాగా ఉండేదో తెలియాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చూడాలి. 1369 నాటిది, సంస్కృతంలో ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, అక్కడ చెరువు కట్టించి ఈ శాసనం వేయించాడు. మామూలుగా శాసనమంటే రాజు పొగడ్త, దానం వివరాలు ఉంటాయి. ఇందులో చెరువు కట్టడానికి కావలసిన 12 అంగాలు, చెరువుకు ఉండకూడని 6 దోషాలు రాశారు. ఇంజనీరింగ్ మాన్యువల్‌ను రాతి మీద చెక్కినట్టుంటుంది.

అంగాల్లో కొన్ని చూడండి. కీర్తి కోరుకునే, సంపద ఉన్న రాజు కావాలి. నీటి శాస్త్రం తెలిసిన పండితుడు కావాలి. గట్టి బంకమట్టి నేల కావాలి. మూడు యోజనాల దూరం నుంచి పారి వచ్చే తియ్యటి నీళ్ల ఏరు కావాలి. దానికి అటూ ఇటూ కొండలు, ఆ కొండల మధ్య మరీ పొడవు కాని గట్టి రాతి కట్ట కావాలి. నీరు నిలిచే చోటు వెడల్పుగా, లోతుగా ఉండాలి. పొడవాటి తిన్నని రాళ్లు దొరికే గని దగ్గర్లో ఉండాలి. కింద చదునైన, సారవంతమైన పొలాలు ఉండాలి. చివరగా, కట్టే పని వచ్చిన మనుషులు కావాలి.

దోషాలు ఇంకా బాగుంటాయి. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు మధ్యలో మెరక, ఈ మూడూ ఎవరైనా చెప్పగలరు. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువగా ఉండటం ఒక దోషం. నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువగా ఉండటం కూడా దోషమే. ఇక ఆరోది నన్ను ఆశ్చర్యపరిచింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టకూడదు. నీళ్ల తగాదా ఎలా ఉంటుందో వాళ్లకు అప్పుడే తెలుసన్నమాట. కృష్ణా జలాల వాటాల కోసం ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్న మనం ఆ ఒక్క వాక్యం దగ్గర తప్పకుండా ఆగాలి.

ఆ చెరువుకు రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లు పనిచేశారని కూడా శాసనమే చెబుతోంది. పోరుమామిళ్ల చెరువు ఇప్పటికీ ఉంది.

కొండల మధ్య సందును మూసి కట్టడం అనే ఈ పద్ధతికి గొప్ప ఉదాహరణ కంభం చెరువు. గుండ్లకమ్మ ఏరు రెండు కొండల మధ్య ఇరుకు దారిలో దూరి వెళ్లే చోట అడ్డుకట్ట వేశారు. కట్ట పొడవు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, వెనక్కి తిరిగి నీళ్లు చూస్తే కన్ను ఆనదు. కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. తెలంగాణలో కాకతీయులదీ ఇదే చూపు. నర్సంపేట దగ్గర పాకాల చెరువును గణపతిదేవుడి కాలంలో తక్కువ ఎత్తు గుట్టల మధ్య కట్ట వేసి సృష్టించారు. లక్నవరంలో మూడు ఇరుకు లోయల నోళ్లను మూడు పొట్టి కట్టలతో మూసేశారు, మిగతా గోడంతా కొండలే. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడి నాటి చెరువు గుడికి కూతవేటు దూరంలోనే ఉంది. గుడి, చెరువు, ఊరు మూడూ కలిపి ఆలోచించేవారు అప్పట్లో. మనిషి పేరు నిలబెట్టే సప్త సంతానాల్లో కొడుకుతో పాటు చెరువునూ లెక్కపెట్టిన సమాజం కదా.

గొలుసు

కొండలు లేని చోట ఏం చేశారు? అక్కడ ఇంకో ఎత్తు వేశారు. ఒకే పెద్ద చెరువు బదులు ఒకే వాగు మీద ఒకదాని కింద ఒకటిగా చిన్న చెరువులు కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు నిండి పొర్లిన నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి దాని కింది దానికి. గొలుసుకట్టు చెరువులు అంటారు వీటిని.

పొర్లే చోటుకు ఎన్ని పేర్లున్నాయో చూస్తే ఆ నీటితో జనానికి ఎంత చుట్టరికమో తెలుస్తుంది. తెలంగాణలో మత్తడి, కోస్తాలో అలుగు, నెల్లూరు వైపు కలుజు, రాయలసీమలో మరవ. 'మత్తడి దుంకింది' అన్నా, 'మరవ పారింది' అన్నా ఊరంతా చూడటానికి పరుగెత్తేది. ఎందుకంటే ఆ ఒక్క మాటకు ఆ ఏడు పంట గ్యారంటీ అని అర్థం.

నేను చిన్నప్పుడు మా చెరువు తూము దగ్గర గంటలు గడిపేవాడిని. కట్టకు లోపలి వైపు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలబడి ఉంటాయి, వాటి మధ్య అడ్డంగా రాతి దూలాలు. దూలాల మధ్య రంధ్రాల్లోంచి పొడవాటి కర్ర ఒకటి కిందకు దిగి ఉంటుంది. ఆ కర్ర చివర చెక్క బిరడా, అది అడుగున రాతి పలకలో ఉన్న బెజ్జాన్ని మూసి ఉంచుతుంది. నీరటి తాత ఈదుకుంటూ వెళ్లి స్తంభం ఎక్కి, కర్రను జానెడు పైకి లాగి మేకు దూర్చేవాడు. కట్టకు ఇవతల కాలువలో ముందు బుడగలు, తర్వాత బురద నీరు, తర్వాత తేటగా నీరు వచ్చేది. ఏ పొలానికి ఎన్ని గంటలో ఆయన నోటి లెక్క. కొన్ని చోట్ల నీరుగంటి, కొన్ని చోట్ల నీరటి, పేరు ఏదైనా పని అదే. అందుకు పంటలో ఇంత అని కొలిచి ఇచ్చేవారు. చెరువు అంటే కట్టా నీళ్లూ మాత్రమే అనుకునేవాళ్లు ఈ మనిషిని లెక్కలోంచి జారవిడుచుకుంటారు.

చెరువుకు పుట్టుకతోనే వచ్చే రోగం పూడిక. వాగు నీటితో పాటు మట్టినీ తెస్తుంది. కట్ట దగ్గర నీరు నిలకడగా ఉంటుంది కాబట్టి మట్టి అక్కడే దిగుతుంది. ఏమీ చేయకపోతే ప్రకృతి తన పాత పని తాను చేసేస్తుంది, గుంతను పూడ్చేస్తుంది. మన పీఠభూమి మీద సహజ సరస్సులు మిగలకపోవడానికి ఏది కారణమో, చెరువులు చావడానికీ అదే కారణం. 800 ఏళ్ల చెరువులు ఇంకా ఉన్నాయంటే ప్రతి ఎండాకాలం బండ్లు దిగి ఒండ్రు తవ్వి పొలాలకు తోలుకున్నందువల్లే. రైతుకు ఎరువు, చెరువుకు లోతు. ఆ అలవాటు పోయాక పూడిక పేరుకుంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పూడిక తీత మొదలుపెట్టినప్పుడు లెక్కలోకి తీసుకున్న చెరువులు, కుంటలు 46,531. ఒక్క రాష్ట్రంలో అన్ని వేల చోట్ల ఎవరో ఒకరు నేల వాలు చూసి, ఇక్కడ కట్ట వేద్దాం అనుకున్నారు.

భయంలోంచి పుట్టిన చెరువులు

హైదరాబాద్ నీళ్లకు మూడు రకాల పుట్టుకలున్నాయి. హుస్సేన్ సాగర్ 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, హుస్సేన్ షా వలీ ఆధ్వర్యంలో వచ్చింది. దానికి సొంత వాగు నీరు చాలదని మూసీ నుంచి బల్కాపూర్ కాలువ తవ్వి నీళ్లు తెచ్చారు. పల్లంలో కట్ట వేసి, నది నుంచి అరువు నీళ్లు తెచ్చి నింపిన చెరువు అన్నమాట. ఊరి చుట్టూ ఉన్న మిగతావి మామూలు గొలుసుకట్టు చెరువులే.

మూడో రకం 1908 తర్వాత పుట్టింది. ఆ ఏడు సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచేసింది. సుమారు 15,000 మంది చనిపోయారు. కారణం వెతకడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన లెక్క తీస్తే మూసీ పరివాహక ప్రాంతంలో 788 చెరువులు తేలాయి, దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 ఆ వరదకు తెగిపోయాయి. గొలుసుకట్టు గొప్పతనం చెప్పాను కదా, దాని ప్రమాదమూ ఇక్కడే ఉంది. పై చెరువుకు గండి పడితే ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. అది తెగితే దాని కిందది. నగరానికి చేరేసరికి అది వాన నీరు కాదు, వందల చెరువుల నీరు.

వరదను నగరానికి పైనే ఆపాలని విశ్వేశ్వరయ్య సూచించాడు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్ (గండిపేట అనేది దీన్నే), దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్లు తాగితే హైదరాబాద్ వదలరంటారు. ఆ నీళ్లు నిలబడింది మాత్రం తాగడానికంటే ముందు, ఇంకోసారి అలాంటి రాత్రి రాకూడదనే భయంతో.

పెద్ద రిజర్వాయర్ల గురించి క్లుప్తంగా చెప్తాను, వాటి పుట్టుకలో చిక్కుముడి లేదు. మంజీర మీద నిజాం సాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. కృష్ణ మీద నాగార్జున సాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఒక్క తేడా గమనించాలి. చెరువు పల్లాన్ని నింపుతుంది, రిజర్వాయర్ లోయను ముంచుతుంది. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలుండేవి. నీళ్లు వచ్చేలోపు, 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు లాంచీలో వెళ్లి చూసే ద్వీపం.

గీత ఎక్కడ గీయాలి?

చెరువుకు కట్ట వైపు గీత స్పష్టం. వేళ్ల వైపు గీత ఎక్కడ? నిండినప్పుడు నీరు చేరే చివరి చోటు ఎఫ్‌టీఎల్, అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. అంతవరకు ఉన్న నేలను తెలంగాణలో శిఖం అంటారు. వానలు తగ్గిన ఏళ్లలో శిఖం ఎండి, దున్నుకోవడానికి బాగుంటుంది. వరసగా నాలుగేళ్లు కరువొస్తే అది చెరువన్న సంగతే కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు. ప్లాట్లు పడతాయి, రోడ్డు పడుతుంది. ఐదో ఏడు చెరువు నిండుతుంది. నీళ్లు ఇళ్లలోకి వచ్చాయని మనం అంటాం. ఇళ్లే నీళ్లలోకి వెళ్లాయని మా నీరటి తాతను అడిగితే చెప్పేవాడు.

వాగు మూసుకుపోతే ఇంకో రకం చావు. కట్ట చెక్కుచెదరకుండా ఉంటుంది, తూము ఉంటుంది, మత్తడి ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. నగరాల్లో చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్, రంగుల లైట్లు పెట్టి బాగుచేశాం అంటున్నప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది ఇదే. పై చెరువు నుంచి వచ్చే కాలువ ఎక్కడుంది? కింది చెరువుకు పోయే దారి ఏది? ఆ రెండూ లేకపోతే అది గొలుసులోంచి ఊడిపడిన లంకె. డ్రైనేజీ తప్ప ఇంకేమీ చేరదు అందులోకి.

కొల్లేటికి జరిగింది దీనికి తలకిందులు. 1970ల నుంచి కొల్లేటి లోపల చేపల చెరువులు వెలిశాయి. సరస్సు నీటిలోనే నాలుగు వైపులా గట్లు వేసి ముక్కలు చేశారు. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు లోపలి భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లను పేలుడు పదార్థాలతో పేల్చి తొలగించారు. తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. కొల్లేటి ఊళ్లలో ఆ చేపల మీదే బతికే పేద కుటుంబాలున్నాయి, లంకల్లో తరతరాలుగా ఉంటున్నవాళ్లున్నారు. వాళ్లను కబ్జాదారులని ఒక్క మాటతో తీసిపారేయలేం. కానీ పళ్లెంలో అడ్డుగోడలు కడితే నీరు పరుచుకోలేదు, అది ఎవరి తప్పయినా నీటికి అనవసరం.

2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి, గట్లు తెగి, విజయవాడలో సింగ్‌నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. పడవల్లో పాల ప్యాకెట్లు పంచారు. టీవీలో ఆ ఏరు పేరు మొదటిసారి విన్నవాళ్లు ఎంతోమంది. సహజంగా ఆ ఏరు వెళ్లేది ఒక్క చోటికే, కొల్లేటికి. అక్కడి నుంచి ఉప్పుటేరు.

మ్యాప్ ఇంకా తెరిచే ఉంటే మళ్లీ ఏలూరు దక్షిణానికి వెళ్లి కొల్లేరును పెద్దది చేసి చూడండి. ఇప్పుడు అక్కడ గీతలున్నాయి. అడ్డంగా, నిలువుగా, స్కేలు పెట్టి గీసినట్టు, గళ్ల చీరలా వందల గీతలు. వాటి మధ్య ఎక్కడో దక్షిణం వైపు సన్నగా, వంకరగా, కట్ట లేని ఒక దారి సముద్రం వైపు పోతుంటుంది. దాన్ని వేలితో పట్టుకుని చివరి దాకా వెళ్లి చూడండి.